పిల్లలమర్రి కింద నేల కథ

పాలమూరులో ఇంటికి చుట్టాలొస్తే యాడికి తీస్కపోవాలె అంటే చాలా ఏండ్లు ఒకటే జవాబు ఉండె, పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ టౌన్ నుంచి నాలుగు కిలోమీటర్ల దూరం, ఆటో మాట్లాడుకుంటే కాసేపట్ల చేరిపోవచ్చు, పొద్దుగాల్నే పులిహోర కలుపుకొని డబ్బాలు కట్టుకొని పోయి, మర్రి కింద దుప్పటి పరుచుకొని, పిల్లలను ఊడలకు ఊగనిచ్చి, పొద్దుగూకినంక ఇంటికొచ్చుడు. స్కూలు పిల్లల పిక్నిక్‌లు, కార్తీకమాసం వనభోజనాలు, పెండ్లైన కొత్త జంటల ఫోటోలు, అన్నీ అక్కడనే. టౌన్ జనానికి అది చెట్టు ఒక్కటే కాదు, పార్కు, ఆటస్థలం, మ్యూజియం, దర్గా, గుడి, అన్నీ ఒక్క నీడ కింద ఉన్న జాగ.

2017 డిసెంబర్‌లో ఆ చెట్టుది ఒక పెద్ద కొమ్మ విరిగి పడ్డది. ఆ నెల 20వ తారీఖు నుంచి జనాన్ని చెట్టు కిందికి పోనియ్యలేదు. 2018 ఏప్రిల్ వచ్చేసరికి కొమ్మలకు సెలైన్ బాటిళ్ళు వేలాడుతున్న ఫోటోలు దేశమంతా తిరిగినయ్, హాస్పిటల్‌లో పేషెంట్‌కు ఎక్కించినట్టు చెట్టుకు మందు ఎక్కిస్తున్నరని విదేశీ పేపర్లు కూడా రాసినయ్. అప్పటి నుంచి ఈ కథను జనం రెండు ముక్కల్లో చెప్పేస్తరు, చెదలు పట్టింది, మందు పెట్టి బతికించిండ్రు. అది అబద్ధం కాదు గని సగం మాత్రమే. చెదలు ఈ కథలో ఆఖరికి వచ్చింది. దానికంటే ముందు ఆ చెట్టు కింద నేల మారింది, ఒక్కరోజుల కాదు, కొన్ని దశాబ్దాలు పట్టింది, మారుస్తున్నోళ్ళు కూడా చెట్టుకు చెడు చెయ్యాలని చెయ్యలేదు, జనానికి సౌకర్యం కావాలని చేసిండ్రు. ఒక పబ్లిక్ జాగ ఎట్ల పుడతది, ఎట్ల పెద్దగైతది, ఆ పెద్దగవ్వుడే దానికి ఎట్ల ఎసరు తెస్తది అని తెలుసుకోవాలంటే దక్షిణ తెలంగాణల దీనికంటే మంచి ఉదాహరణ దొరుకుడు కష్టం.

ముందు ఒక మాట. నల్గొండ దిక్కు వాళ్ళకు పిల్లలమర్రి అంటే వేరే ఊరు గుర్తొస్తది, సూర్యాపేట పక్కన కాకతీయుల కాలం నాటి గుళ్ళు ఉన్న పిల్లలమర్రి, రేచర్ల రెడ్ల ఊరు, అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిది. అది ఊరు, ఇది చెట్టు. రెండింటినీ కలిపి రాసేటోళ్ళు చాలామందే ఉన్నరు కాబట్టి ముందే చెప్పుడు మంచిది.

పాలమూరు చెట్టుకు ఆ పేరు ఎట్ల వచ్చిందన్నదానికి రెండు కథలు చెప్తరు. ఒకటి, మర్రికొమ్మల నుంచి దిగిన ఊడలు నేలను తాకి కొత్త మానులైనయ్ కాబట్టి తల్లిచెట్టు చుట్టూ పిల్లచెట్లు, అందుకే పిల్లలమర్రి. రెండోది, ఆ చెట్టు కింద ముస్లిం పీర్ల సమాధులున్నయ్, అందుకని జనం దాన్ని పీర్లమర్రి అనేటోళ్ళు, నోట్లో నాని నాని పిల్లలమర్రి అయ్యింది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ ఎవరిదంటే ఎవరూ ఒక మతం పేరు చెప్పరు, ఊరంతా పోయి పీర్లకు మొక్కుతరు, నిప్పుల గుండం చుట్టూ తిరుగుకుంట అలాయి ఆడుతరు, కాబట్టి పీర్లమర్రి అన్న పేరు ఈ నేలలో పుట్టుడు చాలా సహజం. రెండు కథలూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోవు. ఇంకో సంగతి కూడా ఈ రెండో కథల ఉంది, ఈ జాగను మొదట పబ్లిక్ జాగగా చేసింది సర్కారు కాదు, మొక్కు. మొక్కు ఉన్న చెట్టును ఎవరూ నరకరు, కొమ్మ కొట్టాలంటే భయపడుతరు, వంటచెరుకుకు కూడా ముట్టరు. ఈ చెట్టుకు 700 ఏండ్ల పైనే ఉంటయని చెప్పుకుంటరు, అంటే ఓరుగల్లులో కాకతీయుల రాజ్యం పడిపోయిన 1323 నాటి సంగతి. అన్ని వందల ఏండ్లు కంచె లేకుండ, వాచ్‌మన్ లేకుండ, ఏ డిపార్ట్‌మెంటూ లేకుండ ఒక చెట్టు నిలబడ్డదంటే దాని వెనక ఆ భయభక్తులే ఉంటయ్. మహబూబ్‌నగర్ అన్న పేరే 1890లో వచ్చింది, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద, అంతకు ముందు ఇది పాలమూరు. అంటే ఊరి పేరు మారకముందు నుంచే చెట్టు ఉంది.

ఇప్పుడు చెట్టు సంగతి. మర్రి మామూలు చెట్ల లెక్క పెరగదు. మర్రిపండు తిన్న పక్షి రెట్ట వేస్తే ఆ గింజ ఏ తాటిచెట్టు మట్టల సందులోనో, పాత గోడ పగుల్లోనో మొలుస్తది, పాలమూరు దిక్కు తాటిచెట్టును పొదివి పట్టుకున్న మర్రిని చూడనోళ్ళు ఉండరు. పెద్దగైనంక కొమ్మలు పైకి కాదు, అడ్డంగా పోతయ్. అడ్డంగా పోయే కొమ్మ పొడుగైతున్న కొద్దీ బరువు పెరుగుతది, ఒక దిక్కు మాత్రమే ఆసరా ఉన్న దూలం ఎంతసేపు ఆగుతది? అందుకే కొమ్మ నుంచి ఊడ దిగుతది. ఊడ మొదట సన్నగా, వెంట్రుకల కుచ్చు లెక్క, గాలికి ఊగుకుంట ఉంటది. అది నేలను తాకినంక అసలు కథ మొదలైతది, మట్టిల వేర్లు పట్టి, నీళ్ళు గుంజి, కొన్నేండ్లకు స్తంభం లెక్క లావైతది. అప్పుడు ఆ కొమ్మకు కింద నుంచి ఆసరా దొరుకుతది, దాని తిండి అదే తెచ్చుకుంటది, ఇంకింత దూరం పోతది, మళ్ళా ఊడ దిగుతది. ఇట్ల నడుచుకుంట నడుచుకుంట పిల్లలమర్రి 3 ఎకరాలు పరుచుకుంది. దూరం నుంచి చూస్తే పచ్చటి గుట్ట లెక్క కనపడతది, దగ్గరికి పోతే గాని ఒకటే చెట్టని తెలియదు.

కాబట్టి మర్రికి ఊడ అంటే అలంకారం కాదు, అది కాలు. ఊడ దిగి నేల తాకకపోతే కొమ్మ పొడుగు పెరుగుతది గని కింద ఆసరా ఉండదు. గాలివాన కాదు, ఒక్కోసారి దాని బరువుకు అదే విరుగుతది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొని మిగతా చరిత్ర చూడాలె.

వెయ్యి మంది ఈ చెట్టు నీడన కూర్చోవచ్చు అని పుస్తకాల్లో, బోర్డుల మీద, పోస్టర్ల మీద అందరూ చదివే ఉంటరు. 3 ఎకరాలంటే 120 గుంటలు, గజాల్లో 14,520. వెయ్యి మందికి పంచితే మనిషికి పద్నాలుగు గజాల పైనే వస్తది, అంటే జాగకు తక్కువ లేదు, ఇంకా ఎక్కువ మందే పడుతరు. గని ఈ లెక్క మనుషుల దిక్కు నుంచి వేసిన లెక్క. ఎంతమంది పడుతరు అని అడిగిండ్రు గని ఎంతమంది తొక్కితే నేల ఆగుతది అని ఎవరూ అడగలేదు. జిల్లాకే గుర్తు ఆ చెట్టు, టూరిజం అంటే ఎక్కువమంది రావాలె, వచ్చినోళ్ళకు కూర్చోను జాగ, నడువను బాట, తాగను నీళ్ళు, పిల్లలకు ఆట ఉండాలె. ఒక్కొక్కటీ న్యాయమైన కోరికే.

అట్ల ఆ చెట్టు చుట్టూ ఒక్కోటి వచ్చి చేరినయ్. పురావస్తు మ్యూజియం వచ్చింది, జిల్లాల అక్కడక్కడ దొరికిన పాత శిల్పాలు, శాసనాలు, పోరాటంల చచ్చిన వీరుల గుర్తుగ నిలిపిన రాళ్ళు, అవే వీరగల్లులు, తెచ్చి పెట్టిండ్రు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళల్లో కృష్ణ ఒడ్డు ఊర్లు మునిగినప్పుడు అక్కడి పాత గుడిని రాయి రాయి విప్పుకొచ్చి ఇక్కడ మళ్ళా కట్టిండ్రు, అదే రాజరాజేశ్వరి గుడి. పాలమూరు జిల్లాకు శ్రీశైలం ముంపు ఎంత పెద్ద దెబ్బనో ఆ దిక్కు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఊర్లకు ఊర్లే లేచిపోయినయ్, మనుషులు చెల్లాచెదరైండ్రు, కనీసం దేవుని ఇల్లన్న పైకి తెచ్చి ఒక జాగల నిలబెట్టిండ్రు, దానికి పిల్లలమర్రి పక్కన జాగ దొరకడంలో ఒక అర్థం ఉంది. ఒక దిక్కు పీర్లు, ఒక దిక్కు ముంపు ఊరి అమ్మవారు, నడుమ మర్రి. ఆ తర్వాత జింకల పార్కు, చిన్న జూ, పిల్లల ఆటస్థలం, ఇట్ల ఒకటి వెంట ఒకటి. మెల్లమెల్లగా చెట్టు చూడనీకి వచ్చేటోళ్ళ కంటే ఆదివారం గడపనీకి వచ్చేటోళ్ళే ఎక్కువైండ్రు. చెట్టు వెనకకు పోయింది, నీడ ముందుకొచ్చింది.

నేల ఎట్ల చెడుతదో ఇక్కడ కొంచెం వివరంగా చూడాలె, ఎందుకంటే ఇది కంటికి కనపడదు. మంచి మట్టిల దాదాపు సగం ఖాళీనే ఉంటది, ఆ సందుల్లో కొంత గాలి, కొంత నీళ్ళు. వేర్లకు నీళ్ళెంత అవసరమో గాలి అంతే అవసరం, ఊపిరాడకపోతే వేరు చస్తది. చెట్టుకు తిండి తెచ్చే సన్నవేర్లు చాలావరకు పైన అడుగు రెండడుగుల లోతులోనే ఉంటయ్, పాతాళంలో కాదు. అదే జాగల వేలమంది ఏండ్ల తరబడి నడుస్తే, కూర్చుంటే, పిల్లలు ఉరికితే ఆ పై మట్టి అణిగి అణిగి గట్టిపడతది. పాలమూరు నేల ఎక్కువ చల్క, ఎర్రమట్టి, వానకు పైన పొర బిగుసుకపోయే గుణం దానిది, ఎండకు రాయి లెక్క అయితది. ఏడాదికి వాన కూడా 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కలనే. పడ్డ ఆ కొంచెం వాన కూడా గట్టిపడ్డ నేల మీద నుంచి జారిపోతది గని లోపలికి ఇంకదు. టౌన్‌లో స్టేడియం గ్రౌండ్ సంగతి చూడండి, తొక్కి తొక్కి గట్టిపడితే క్రికెట్ ఆడేటోళ్ళకు అదే పిచ్, ఎగ్జిబిషన్ పెట్టి తీసేసినా, మీటింగ్ పెట్టి లక్ష కాళ్ళు తొక్కినా ఒక వానాకాలం పోతే మళ్ళా గడ్డి మొలుస్తది. గ్రౌండ్‌కు తొక్కుడు బలం, చెట్టు కింద నేలకు తొక్కుడు విషం. రెండింటినీ ఒకటే జాగల కలిపితే ఎవరో ఒకరు ఓడాలె, ఇక్కడ ఓడింది నోరు లేని చెట్టు.

దానికి తోడు సిమెంటు. చెట్టు కింద కూర్చోను అరుగులు, నడువను బాటలు అని కట్టినకాడల్లా నేల మూతపడ్డది. ఊడ వచ్చి అరుగు మీద ఆగిపోతే అది కాలు కాలేదు, ఎండిపోతది. పబ్లిక్ ఊగి ఊగి తెంపిన ఊడలు కొన్ని. ఊడ పట్టుకొని ఊగుడు పాలమూరు పిల్లల బాల్యంలో ఒక భాగమే, దాన్ని తప్పు పట్టుడు కష్టంగనే ఉంటది, అక్కడికి పోయి ఊగకుండ వచ్చిన పిల్లలు ఉండరు. గని సన్నటి ఊడ కొనలోనే పెరిగే కణం ఉంటది, కొన నలిగినా తెగినా దాని ప్రయాణం ఆగుతది. ఒక పిల్లగాడు ఊగితే ఏం కాదు, వారం వారం వందలమంది ఊగితే ఒక తరం ఊడలు నేల చూడకుండనే పోతయ్. పైన కొమ్మల మీదికి ఎక్కి ఫోటోలు దిగేటోళ్ళ బరువు వేరే. రాలిన ఆకులను ఊడ్చి కాలబెట్టుడు ఇంకోటి, మన దగ్గర ఏ పార్కులో చూసినా ఇదే అలవాటు, జాగ శుభ్రంగా కనపడాలె అని. ఆ ఆకే కుళ్ళి మట్టిల కలిస్తే వానపాములు వస్తయ్, మట్టి గుల్లబారుతది, తేమ ఆగుతది. శుభ్రం చేసిన కొద్దీ నేల వట్టిపోయింది.

అట్ల ఆకలితో, దాహంతో, కాళ్ళు దిగని కొమ్మల బరువుతో ఉన్న చెట్టుకు చెదలు వచ్చింది. చెద ఎండిన కట్టెను, చచ్చిన భాగాన్ని ముందు పట్టుకుంటది, అక్కడి నుంచి లోపల లోపల తింటది, పైకి బెరడు మంచిగనే కనపడతది, లోపల డొల్ల. బలంగ ఉన్న చెట్టు గాయాన్ని తనకు తనే మూసుకుంటది, నీరసపడ్డది మూసుకోలేదు. 2017 డిసెంబర్‌లో కొమ్మ కూలేనాటికి ఇదంతా ఏండ్ల కింది నుంచి నడుస్తున్న వ్యవహారం.

ఆ తర్వాత జరిగిన వైద్యాన్ని మాత్రం మెచ్చుకోవాలె. మొదట మానుకు రంధ్రాలు చేసి మందు పోసి చూసిండ్రు, మందు లోపల నిలువక బయటికి కారిపోయింది. అప్పుడు సెలైన్ బాటిళ్ళ ఆలోచన వచ్చింది. క్లోరోపైరిఫాస్‌ను నీళ్ళల్లో కలిపి బాటిళ్ళల్లో పోసి, దాదాపు రెండు మీటర్లకు ఒకటి చొప్పున వేలాడదీసి, చుక్క చుక్కగా కట్టెలోకి దిగేటట్టు చేసిండ్రు, అట్ల వందల బాటిళ్ళు కట్టిండ్రు. ఈ మందు పాలమూరు రైతులకు కొత్తది కాదు, చేన్లల్ల పురుగుకు కొడతరు, ఇల్లు కట్టేటప్పుడు పునాదిల చెదలకు పోస్తరు. కొత్తదనం మందులో లేదు, దాన్ని నిదానంగా దించిన తీరులో ఉంది. గని ఫోటోలో పడ్డది బాటిల్ ఒక్కటే కాబట్టి బాటిలే చెట్టును బతికించింది అని అందరి మనసుల్లో పడిపోయింది. బాటిల్ చేసింది చెదలను చంపుడు. చెట్టును లేపింది దాని తర్వాతి పని, వేర్లకాడ మందు నీళ్ళు, కొత్త మట్టి, ఎరువు వేసుడు, విరిగేటట్టున్న బరువు కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టి నిలబెట్టుడు, అన్నిటికంటే ముఖ్యంగా ఊడలను పైపుల్లోకి దించి, ఆ పైపుల్లో మట్టి నింపి, నేల దాకా పదిలంగా తీస్కపోవుడు. పసిపిల్లకు నడక నేర్పినట్టు ఊడకు నేలను చూపించిండ్రు. అవి నేల తాకి లావెక్కుతుంటే చెట్టు మళ్ళా చిగురు పెట్టింది. అటవీశాఖ వాళ్ళ ఈ పని గురించి పేపర్లల్ల సెలైన్‌కు వచ్చినంత పేరు రాలేదు, రావాల్సింది దీనికే.

పైపు పద్ధతి కూడా మనోళ్ళు ఊరికే కనిపెట్టింది కాదు. కలకత్తా పక్కన హౌరా బొటానికల్ గార్డెన్‌లో 250 ఏండ్ల మర్రి ఉంది, 1864, 1867 తుపాన్లకు దెబ్బతిని, తర్వాత బూజు పట్టి దాని అసలు మాను కుళ్ళిపోతే 1925లో దాన్ని తీసేసిండ్రు. నడుమ మాను లేకుండనే ఆ చెట్టు ఇప్పటికీ బతికే ఉంది, వేల ఊడల మీద. అక్కడ లేత ఊడలను మట్టి నింపిన వెదురు బొంగుల్లో నుంచి నేలకు దించుతరు. చెట్టు చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేసి ఇదీ నీ హద్దు అన్నరు, చెట్టు ఆ రోడ్డు దాటి పోయింది. బెంగళూరు పక్కన కేతోహళ్ళి దొడ్డ ఆలద మర, అంటే కన్నడంల పెద్ద మర్రిచెట్టు, అది కూడా అంతే, 400 ఏండ్లదని చెప్తరు, అసలు మాను రోగం వచ్చి పోయింది, మిగతా చెట్టు మూడెకరాల్లో నిలిచింది. అనంతపురం దిక్కు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల దాకా పరుచుకొని 1989లో గిన్నిస్ బుక్కు ఎక్కింది. ఈ మూడింటినీ పిల్లలమర్రిని పక్కపక్కన పెట్టి చూస్తే మర్రి చావుబతుకులు తల్లిమాను మీద లేవని అర్థమైతది. తల్లి పోయినా పిల్లలు నిలబడితే చెట్టు ఉన్నట్టే, పిల్లలకు నేల దొరకకపోతే తల్లి ఎంత లావుగున్నా ఒక్కో దిక్కు కూలిపోతది. పాలమూరు జనం పెట్టుకున్న పేరులోనే ఆ సంగతి ఉంది.

ఇంక మనుషుల దిక్కు నుంచి చూస్తే ఈ కథల ఒక నష్టం ఉంది, దాన్ని కూడా ఒప్పుకోవాలె. చెట్టు కిందికి పోనియ్యకుండ కంచె పెట్టినంక జనం దూరం నుంచి చూసి వస్తున్నరు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను ఇక్కడికి తెచ్చి చూపెట్టిండ్రు, పిల్లలమర్రి పేరు మళ్ళా ప్రపంచం దాకా పోయింది, సంతోషమే. గని చూసే జాగ వేరు, కూర్చునే జాగ వేరు. టిఫిన్ డబ్బాతో వచ్చి చెట్టు కింద ఒరిగే హక్కు పోయింది, ముఖ్యంగా ఎక్కడికీ టికెట్టు కొని పోలేని కుటుంబాలకు. కూలి కోసం బొంబాయి, పూణె, హైదరాబాద్ పోయి పండుగకు ఇంటికొచ్చే పాలమూరోళ్ళకు, ఒక్కరోజు పిల్లలతో తిరిగొద్దామంటే ఆ నీడ ఒక ఆసరా ఉండె. అయినా కంచె తీసెయ్యాలె అనుడు తప్పు. నీడను వాడుకుంటే నీడే పోయే పరిస్థితి వచ్చినప్పుడు మూసుడు సరైన పనే, ఇంకా ముందే మూయాల్సింది. కాకపోతే మూసినోళ్ళ మీద ఇంకో బాకీ ఉంటది, ఆ వెయ్యి మందికి ఇంకోచోట నీడ చూపెట్టాలె. అప్పన్నపల్లి దగ్గర అడవిలో రెండు వేల ఎకరాలకు పైన ఎకో పార్కు చేసిండ్రు, మయూరి పార్కు అంటరు జనం, ఆ బాకీలో కొంత అట్ల తీరింది. పార్కు పెద్దదైనంత మాత్రాన నీడ పెద్దది కాదు, పెట్టిన మొక్క ఒరిగేంత నీడ ఇయ్యాలంటే ఒక తరం పడతది.

డిపార్ట్‌మెంట్ల సంగతి కూడా చెప్పుకోవాలె. టూరిజం చేతిలో ఉంటే జాగ విలువ వచ్చిన మనుషుల లెక్కల కనపడతది. పురావస్తు శాఖకు రాళ్ళు ముఖ్యం, గుడికి భక్తులు ముఖ్యం, అటవీశాఖకు చెట్టు ముఖ్యం. ఒక జాగల ఇన్ని ఉన్నప్పుడు ఎవరి మాట చెల్లుతదో దాన్ని బట్టే నేల ఉంటది. కొమ్మ కూలినంక చెట్టు బాధ్యత అటవీశాఖకు వచ్చింది, అప్పుడు గాని అరుగు ముఖ్యమా ఊడ ముఖ్యమా అన్న ప్రశ్నకు చెట్టు దిక్కు నుంచి జవాబు రాలేదు. ఆఫీసర్లు మారుతుంటరు, ఇప్పుడున్నోళ్ళకు తెలిసింది రేపొచ్చేటోళ్ళకు తెలియకపోవచ్చు, అందుకే కాగితం మీద ఒక రక్షణ ఉండాలె. 2002 జీవవైవిధ్య చట్టంలో 37వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక జాగను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించొచ్చు. కర్ణాటకలో నల్లూరు చింతతోపుకు 2007లో ఆ హోదా ఇచ్చిండ్రు, మన దగ్గర అమీన్‌పూర్ చెరువుకు 2016లో వచ్చింది. చింతతోపుకు, చెరువుకు పనికొచ్చిన చట్టం మర్రికి కూడా పనికొస్తది. అట్ల ప్రకటిస్తే చెట్టుకు ఒక మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉంటది, ఎన్ని గజాల దాకా సిమెంటు రావొద్దు, ఎంతమందిని ఎంత దూరంలో ఆపాలె అన్నది రాసి పెట్టుకోవచ్చు.

చెట్టు ఇప్పుడున్న 3 ఎకరాలే దాని జాగ అనుకుంటే మళ్ళా అదే తప్పు చేసినట్టు. బతికిన మర్రి నడుస్తది, ఇంకో యాభై ఏండ్లకు దాని కొమ్మలు ఇప్పటి కంచె మీదికొస్తయ్, హౌరా మర్రి రోడ్డు దాటినట్టు. టౌన్ కూడా అటే పెరుగుతున్నది, 2025లో మహబూబ్‌నగర్ కార్పొరేషన్ కూడా అయ్యింది, నాలుగు కిలోమీటర్ల దూరం అన్నది ఇప్పటికే పేరుకే దూరం, ప్లాట్లు, ఫంక్షన్ హాళ్ళు, వెంచర్లు నడుమ నిండుతున్నయ్. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు మీద చేవెళ్ళ దిక్కు దాదాపు 900 మర్రిచెట్ల కోసం ఏండ్ల తరబడి పర్యావరణం కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా కొట్లాడాల్సొచ్చింది, ఎందుకంటే రోడ్డు వేసిన నాడు చెట్టు ఎంత లావైతదో, రోడ్డు ఎంత వెడల్పైతదో ఎవరూ లెక్క వేసుకోలేదు. పిల్లలమర్రికి ఆ లెక్క ఇప్పుడే వేసుకోవచ్చు, చుట్టూ ఖాళీ నేల ఇంకా దొరికేటప్పుడే, కంచెను ఇంకో వంద అడుగులు బయటికి జరిపి, ఆ నడుమ జాగల అరుగు, షెడ్డు, పార్కింగ్ ఏదీ కట్టకుండ వట్టి మట్టిగ వదిలేసి.

ఊడలు దిగే కాలం వానాకాలం. గాలిల తేమ ఉంటే ఊడ కొన ఎండకుండ పొడుగైతది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చూస్తే తేడా కంటికే కనపడతది. పైపుల్లో మట్టి అణిగితే మళ్ళా నింపాల్సింది, ఎండాకాలం తడి పెట్టాల్సింది, ఈ ఏడు ఎన్ని ఊడలు కొత్తగా నేల తాకినయో లెక్క రాసుకోవాల్సింది. చెట్టు చూడనీకి పోయినోళ్ళు కూడా టికెట్ కౌంటర్ కాడ ఎంతమంది వచ్చిండ్రు అని కాదు, ఈ వానకు ఎన్ని ఊడలు దిగినయ్ అని అడగాలె, ఆ నంబరు గేటు కాడ బోర్డు మీద రాసి పెట్టాలె.